మాటల వైద్యం జన్యువుల దాకా వెళుతుందా?

పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె ఉందనుకుందాం. ఏడేళ్లప్పుడు దగ్గరి బంధువు చేతిలో చాలాకాలం నలిగింది. ఇప్పుడు హాస్టల్లో ఉంటోంది. రాత్రి పక్క గది గడియ పడిన చప్పుడుకే ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. లెక్కల క్లాసులో ఉన్నట్టుండి చెవులు మూసుకుపోతాయి, సారు పేరు పెట్టి పిలిచినా వినపడదు. ఇంట్లోవాళ్లు పరీక్షల టెన్షన్ అనుకున్నారు. ఎవరో ఒక సైకాలజిస్టు సంగతి చెబితే వెళ్లడం మొదలుపెట్టింది. నాలుగు నెలలు గడిచేసరికి గడియ చప్పుడు వినిపిస్తూనే ఉంది గానీ, అటు తిరిగి మళ్లీ నిద్రపోగలుగుతోంది.

నిద్ర మారిందంటే నమ్మడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆమె కణాల్లో జన్యువులు పనిచేసే తీరు కూడా మారిందంటే? ఆరోగ్య పేజీల్లో ఇప్పుడు రెండు రకాల శీర్షికలు తిరుగుతున్నాయి. చిన్నప్పటి గాయం జన్యువుల్లో ముద్ర పడిపోతుందనేది ఒకటి. థెరపీ ఆ ముద్రను చెరిపేస్తుందనేది ఇంకొకటి. మొదటిది చదివి తల్లిదండ్రులు బెంబేలెత్తుతున్నారు, రెండోది చదివి తేలికపడుతున్నారు. రెండింటి వెనకా అసలైన పరిశోధనే ఉంది. ఆ పరిశోధన చెప్పినదానికీ శీర్షిక చెప్పినదానికీ మధ్య దూరం మాత్రం కాస్త ఎక్కువే.

అక్షరం అదే, పొల్లు వేరు

కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. రెండింట్లోనూ అవే సుమారు 20,000 జన్యువులు. అయినా కన్ను కన్నుగానే ఉంది, కాలేయం కాలేయంగానే ఉంది. ఏ జన్యువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత గట్టిగా పలకాలో తేల్చే ఏర్పాటు ఒకటి ఉండబట్టే ఇది సాధ్యమైంది. దాన్నే జన్యు నియంత్రణ అంటారు. డీఎన్ఏ అక్షరాలను ముట్టుకోకుండా జన్యువులు పలికే తీరును మార్చే గుర్తుల గురించి చదివే శాస్త్రం ఎపిజెనెటిక్స్.

ఆ గుర్తుల్లో ఎక్కువగా కొలిచేది మిథైలేషన్. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులున్న చిన్న గుంపు డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరానికి అంటుకుంటుంది, ముఖ్యంగా ఆ పక్కనే గ్వానిన్ ఉన్నచోట. మనిషి డీఎన్ఏలో అలాంటి చోట్లు దాదాపు 2.8 కోట్లు.

తెలుగు రాయడం వచ్చినవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. 'న'కు పొల్లు పెడితే 'న్' అవుతుంది. అక్షరం చెరిగిపోలేదు, లోపలున్న అచ్చు నోరు మూసుకుంది. పొల్లు తీసేస్తే మళ్లీ 'న'. జన్యువు మొదట్లో మీటలా పనిచేసే భాగం ఒకటి ఉంటుంది. అక్కడ మిథైల్ గుర్తులు పెరిగితే మామూలుగా ఆ జన్యువు గొంతు తగ్గుతుంది, తగ్గితే గొంతు లేస్తుంది. గాయం వల్ల జన్యువు 'పాడైపోయింది' అనే మాట ఇక్కడే తప్పు. అక్షరం ఉన్నచోటే ఉంది.

ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. జన్యువు నడిమి భాగంలో గుర్తులుంటే గొంతు తగ్గాలనేం లేదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. పైగా మనం చూసేది ఒక్క పుస్తకాన్ని కాదు. ఒక రక్తపు చుక్కలో లక్షల తెల్లకణాలు, ఒక్కో కణంలో అదే పుస్తకానికి రెండేసి ప్రతులు. 'ఈ చోట 35 శాతం మిథైలేషన్' అని రిపోర్టు వస్తే, నూరు ప్రతులు తిరగేస్తే 35 ప్రతుల్లో పొల్లు కనిపించిందని అర్థం. థెరపీ పరిశోధనల్లో చెప్పే మార్పులు ఎక్కువగా ఈ లెక్కలో కొద్ది శాతాలే. శీర్షికలో అది 'జన్యువులు మారాయి' అవుతుంది.

ఎలుక తల్లి నాలుక దగ్గర మొదలైన కథ

ఈ రంగానికి ఊపు తెచ్చింది 2004లో మాంట్రియల్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎలుకల ప్రయోగం. మైకేల్ మీనీ, మోషే షిఫ్ బృందాలు చేశాయి. ఎలుక తల్లుల్లో కొన్ని పిల్లలను ఊరికే నాకుతూ సవరిస్తుంటాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. పట్టించుకోని తల్లుల పిల్లలు పెద్దయ్యాక చిన్న బెదురుకే ఎక్కువసేపు కంగారుపడేవి. వాటి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో, ఒత్తిడి హార్మోనును పట్టుకునే గ్రాహకం తాలూకు జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా కనిపించాయి. పుట్టగానే పిల్లలను తల్లుల మధ్య అటూ ఇటూ మార్చి చూస్తే, గుర్తులు కన్నతల్లిని బట్టి కాక పెంచిన తల్లిని బట్టి పడ్డాయి.

అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. పెద్దయిన ఎలుకల మెదడులోకి ఒక మందు ఎక్కిస్తే ఆ గుర్తులు వెనక్కి మళ్లాయి, కంగారూ తగ్గింది. 'చెరిగిపోవచ్చు' అన్న ఆశకు మూలం అక్కడుంది. అది మెదడులోకి నేరుగా ఎక్కించిన మందు, ఎలుకలో. ఈ రెండు ముక్కలూ దారిలో ఎక్కడో రాలిపోయాయి.

2009లో అదే నగరం నుంచి మనుషుల మీద పరిశోధన వచ్చింది. ఆత్మహత్య చేసుకున్నవారిలో చిన్నప్పుడు హింసకు గురైనవారు 12 మంది, గురికానివారు 12 మంది, వేరే కారణాలతో హఠాత్తుగా చనిపోయినవారు 12 మంది. మరణం తర్వాత వారి మెదళ్లను పరీక్షిస్తే, మొదటి గుంపులో అదే గ్రాహక జన్యువు మీద గుర్తులు ఎక్కువున్నాయి. మొత్తం 36 మెదళ్లు. ఎలుకల ఫలితానికి బాగా దగ్గరగా ఉంది, అందుకే అంత పేరొచ్చింది. చనిపోయినవారి మెదడును ఒక్కసారే చూడగలం కాబట్టి ముందేముందో, తర్వాత ఏం మారిందో చెప్పే వీలు లేదు.

నీళ్ల ట్యాంకు, బంతి, తుప్పు

ఈ చర్చలో మాటిమాటికీ వినిపించే జన్యువు పేరు ఎఫ్‌కేబీపీ5. పేరు నోరు తిరగదు గానీ పని సులువుగానే అర్థమవుతుంది.

ఆపద వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్ అనే హార్మోనును వదులుతుంది. ఆ కార్టిసాలే మెదడుకు వెళ్లి 'చాలు, ఇక ఆపు' అని కూడా చెబుతుంది. మేడమీద నీళ్ల ట్యాంకులో బంతి ఇలాగే పనిచేస్తుంది. నీళ్లు నిండితే బంతి పైకి తేలి కుళాయి కట్టేస్తుంది. ఇక్కడ బంతి పని చేసేది కార్టిసాల్ గ్రాహకం. ఎఫ్‌కేబీపీ5 ప్రోటీను ఆ బంతి కడ్డీకి పట్టిన తుప్పులాంటిది. అది ఎక్కువైతే కడ్డీ బిగుసుకుపోతుంది, ట్యాంకు నిండినా నీళ్లు పడుతూనే ఉంటాయి. గొడవేమిటంటే, కార్టిసాల్ పెరిగినప్పుడల్లా ఈ జన్యువు కూడా కాస్త గట్టిగా పలుకుతుంది.

2013లో మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ సైకియాట్రీ సంస్థ నుంచి టోర్‌స్టెన్ క్లెంగెల్, ఎలిజబెత్ బిండర్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. ఎఫ్‌కేబీపీ5కు పుట్టుకతో వచ్చే రూపభేదాలున్నాయి. ఒక రూపం ఉన్నవాళ్లు చిన్నప్పుడు హింసకు గురైతే ఆ జన్యువులో ఒక ప్రత్యేక భాగం మీద పొల్లులు తగ్గిపోయాయి, అంటే జన్యువు గొంతు లేచింది. ఇంకో రూపం ఉన్నవాళ్లలో అలా కనిపించలేదు. పెద్దయ్యాక తగిలిన గాయాలకూ ఆ తేడా కనిపించలేదు. ఒకే ఇంట్లో ఒకే బాధ పడిన ఇద్దరు పిల్లలు వేర్వేరుగా తేలడానికి ఇదొక పాక్షిక వివరణ కావచ్చు. మొత్తం వివరణ కాదు.

థెరపీ గదిలో జరిగేది

పిల్లల గాయాలకు ఎక్కువ ఆధారాలున్న పద్ధతుల్లో ఒకటి ట్రామా ఫోకస్డ్ సీబీటీ. సీబీటీ అంటే ఆలోచనల తీరునూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. అమెరికాలో జుడిత్ కోహెన్, ఆంథొనీ మనారినో, ఎస్తేర్ డెబ్లింగర్ రూపొందించారు. మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు. జర్మనీలో రీటా రోస్నర్ బృందం మరో పద్ధతిని యువత వయసుకు తగ్గట్టు మలిచి, చిన్నప్పుడు లైంగిక, శారీరక హింసకు గురైన 14 నుంచి 21 ఏళ్ల 88 మంది మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. చికిత్స కోసం వేచి ఉన్నవారికంటే తీసుకున్నవారిలో లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. ఇది జన్యువుల సంగతి కాదు. పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం, వీటి లెక్క.

మన అమ్మాయి విషయానికొస్తే, మొదటి వారాల్లో ఆ బంధువు ఊసే ఎత్తరు. ఊపిరి తీయడం, ఒళ్లు బిగుసుకోవడాన్ని గమనించడం, భయానికీ సిగ్గుకీ కోపానికీ తేడా చెప్పుకోవడం, ఇవే. తర్వాత జరిగినదాన్ని కొంచెం కొంచెంగా చెప్పిస్తారు, కొందరిచేత రాయిస్తారు. ఒకరోజు నోట్‌బుక్‌లో ఆమె రాసిన వాక్యం ఇదనుకుందాం: 'నేను అరవలేదు కాబట్టి తప్పు నాదే.' సైకాలజిస్టు ఆ వాక్యాన్ని కొట్టేయదు. "ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారమ్మా?" అని అడుగుతుంది. ఎవరూ లేరు. "అరిస్తే ఎవరికి వినపడేది?" చాలాసేపు ఫ్యాన్ చప్పుడే. ఆ తర్వాత "ఎవరికీ వినపడదు మేడమ్" అంటుంది. వచ్చే వారం ఆ వాక్యం కింద ఇంకో వాక్యం ఆమే రాసుకుంటుంది.

ఈ మాటలు కణం దాకా ఎలా వెళతాయి? శాస్త్రవేత్తలు ఊహిస్తున్న దారి ఇది. ఒకే జ్ఞాపకం పదిసార్లు సురక్షితమైన చోట పైకి వచ్చి, ప్రతిసారీ కాస్త తక్కువ దడతో దిగిపోతే, మెదడు ఆపద గంట కొట్టడం తగ్గిస్తుంది. నెలల తరబడి గంట తక్కువ మోగితే కార్టిసాల్ పోట్లు తగ్గుతాయి. కార్టిసాల్ పట్టుకున్న గ్రాహకం నేరుగా డీఎన్ఏ మీద వాలి, ఆ చుట్టుపక్కల గుర్తులను మార్చగలదని ప్రయోగశాలలో తెలుసు. కాబట్టి పోట్లు తగ్గితే గుర్తులూ మారవచ్చు. నిద్ర, తిండి, ఆటలు బాగుపడటం కూడా అదే దారిలో తోడవుతుంది. ప్రతి మెట్టూ నమ్మదగ్గదే. అన్ని మెట్లనూ ఒకే పిల్లలో వరసగా కొలిచి చూపించడమే మిగిలిన పని.

ముందొకసారి, తర్వాతొకసారి

2013లో న్యూయార్క్‌లో రేచెల్ యెహుదా బృందం పీటీఎస్‌డీ (గాయం తర్వాత వెంటాడే ఒత్తిడి వ్యాధి) ఉన్న 16 మంది మాజీ సైనికులకు థెరపీకి ముందూ తర్వాతా రక్తపరీక్ష చేసింది. కార్టిసాల్ గ్రాహక జన్యువు మీద ముందున్న గుర్తులు ఎవరు కోలుకుంటారో సూచించాయి గానీ థెరపీతో మారలేదు. ఎఫ్‌కేబీపీ5 మీది గుర్తులు ఎవరికి లాభమో ముందుగా చెప్పలేదు గానీ, కోలుకున్నవారిలో తగ్గాయి.

పిల్లల్లో చూస్తే, ఆందోళన వ్యాధితో సీబీటీ తీసుకున్న 116 మంది చెంప లోపలి కణాలను పరీక్షించిన ఫలితం 2014లో వచ్చింది. మెదడులో సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన జన్యువులో ఒక చోట, బాగుపడిన పిల్లల్లో గుర్తులు కాస్త పెరిగాయి, బాగుపడనివారిలో తగ్గాయి. మరుసటి ఏడాది అదే పరిశోధన నుంచి 98 మంది పిల్లల్లో ఎఫ్‌కేబీపీ5ను చూశారు. బాగుపడినవారిలో గుర్తులు తగ్గే పోకడ ఉంది, గణాంకాల గట్టి జల్లెడలో మాత్రం నిలవలేదు.

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. మ్యూనిక్ పరిశోధనలో హింస వల్ల ఎఫ్‌కేబీపీ5 మీద గుర్తులు తగ్గాయన్నారు. మరి థెరపీ ఆ ముద్రను చెరిపేస్తే గుర్తులు తిరిగి పెరగాలి కదా? ఈ రెండు పరిశోధనల్లోనూ కోలుకున్నవారిలో కనిపించింది తగ్గుదల. సైనికుల్లో చూసింది జన్యువులో వేరే చోటు కాబట్టి పోల్చకూడదని సమాధానం చెప్పవచ్చు, అది సబబే. కానీ 'గాయం రాసింది, థెరపీ చెరిపింది' అనే చక్కని కథ ఈ అంకెల్లో లేదు. కొత్త అనుభవం కొత్త గుర్తులను పెట్టి ఉండవచ్చు. లేదా మనం చూస్తున్నది అసలు వేరే దేన్నో కావచ్చు.

ఆ చక్కని కథకు దగ్గరగా వచ్చిన పరిశోధన కూడా ఉంది. 2021లో నెదర్లాండ్స్ సైనికుల మీద చేసినదాంట్లో, జెడ్‌ఎఫ్‌పీ57 అనే జన్యువు దగ్గర పీటీఎస్‌డీ ముదిరేటప్పుడు తగ్గిన గుర్తులు, థెరపీ ఫలించినవారిలో పెరిగాయి. అదే ఏడాది తూర్పు కాంగోలో, చిన్నతనంలోనే సాయుధ ముఠాల్లో చిక్కుకున్న స్త్రీలకు కథనం ద్వారా చేసే థెరపీ ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చారు. ఎవరికి ఇవ్వాలో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించడం దాని బలం. కొన్ని చోట్ల తేడాలు కనిపించాయి. పాల్గొన్నవారు వందకు లోపే. ఒక పరిశోధనలో తేలిన జన్యువు ఇంకోదాంట్లో తేలకపోవడం చదివేవాళ్లు గమనించే ఉంటారు.

ఏ కణమూ మారకుండా అంకె మారితే

ఒక చిన్న లెక్క చూద్దాం. అంకెలు అర్థం కావడానికి నేను పెట్టుకున్నవే. రక్తంలో తెల్లకణాలు రెండే రకాలు అనుకుందాం: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు. ఒకానొక చోట మొదటివాటిలో 10 శాతం, రెండోవాటిలో 60 శాతం ప్రతులకు పొల్లు ఉంది. థెరపీకి ముందు అమ్మాయి రక్తంలో ఇవి 60కి 40 పాళ్లలో ఉన్నాయి. మొత్తం మిథైలేషన్: 6 + 24 = 30 శాతం.

నాలుగు నెలల తర్వాత ఒత్తిడి తగ్గి, పాళ్లు సగం సగం అయ్యాయి. ఇప్పుడు లెక్క: 5 + 30 = 35 శాతం. అయిదు శాతం పెరిగింది, మీడియాకు మంచి వార్తే. ఒక్క కణంలో ఒక్క పొల్లు కూడా మారలేదు. ఏ రకం కణాలు ఎన్ని వచ్చాయన్నదే మారింది. ఒత్తిడి ఈ పాళ్లను నిజంగానే మారుస్తుంది కాబట్టి ఇది ఊరికే చెప్పే మాట కాదు. ఉమ్మిలోనూ ఇదే తంటా, అందులో తెల్లకణాలూ నోటి పొర కణాలూ కలిసి ఉంటాయి. మంచి పరిశోధకులు ఈ పాళ్లను అంచనా కట్టి సరిదిద్దుతారు. పాత చిన్న పరిశోధనలన్నింట్లో ఆ పని జరగలేదు.

రెండో చిక్కు సంఖ్యలది. ఇటీవలి పరిశోధనల్లో ఎక్కువగా వాడిన చిప్‌తో ఒకేసారి సుమారు 8,50,000 చోట్ల కొలవచ్చు. నూటికి అయిదు పొరపాట్లు ఫరవాలేదనే మామూలు హద్దు పెట్టుకుంటే, థెరపీ ఏమీ చేయకపోయినా 42,500 చోట్ల 'మార్పు' కనిపిస్తుంది. అందుకే హద్దును విపరీతంగా బిగించాలి. బిగిస్తే, యాభై మందితో చేసిన పరిశోధనకు నిజమైన చిన్న మార్పును పట్టే శక్తి ఉండదు. ముందుగానే ఒకటి రెండు జన్యువులను ఎంచుకుని చూస్తే ఈ బాధ తప్పుతుంది గానీ, దీపం ఉన్నచోటే ఉంగరం వెతికినట్టవుతుంది.

యుక్తవయసు తానే ఒక మార్పు

పిల్లల విషయంలో ఇంకో మెలిక. పన్నెండు నుంచి పద్దెనిమిది మధ్య శరీరం ఎలాగూ మారుతోంది. హార్మోన్లు, నిద్ర వేళలు, మెదడు ముందుభాగం, వీటితోపాటు మిథైల్ గుర్తులూ. జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలిస్తే, మధ్యలో థెరపీ ఒక్కటే జరిగిందనడానికి లేదు.

అదే వయసు ఒక అవకాశమేమో కూడా. మినెసోటా విశ్వవిద్యాలయంలో మేగన్ గునార్ బృందం 2019లో అనాథాశ్రమాల నుంచి దత్తతకు వచ్చిన పిల్లల మీద ఫలితాలు ప్రకటించింది. యుక్తవయసుకు ముందు ఈ పిల్లల్లో ఒత్తిడికి కార్టిసాల్ స్పందన మొద్దుబారి ఉంది. ఆదరించే ఇళ్లలో పెరుగుతూ యుక్తవయసులోకి వచ్చేకొద్దీ అది మిగతా పిల్లల స్థాయికి చేరింది. ఒత్తిడి యంత్రాంగం ఆ వయసులో కొత్త పరిసరాలకు తగ్గట్టు తనను తాను మళ్లీ సరిచేసుకుంటుందని వాళ్ల వాదన. అక్కడ కొలిచింది కార్టిసాల్, జన్యువుల గుర్తులు కాదు. నిజమే అయితే, ఆ వయసులో ఇచ్చే థెరపీ సరైన అదనులో పడ్డ వాన. థెరపీ లేకున్నా కొంత బాగుపడేదని కూడా అదే ఫలితం చెబుతోంది. కొలిచేవాడికి అది తలనొప్పి.

నమ్మేవాళ్లు, సందేహించేవాళ్లు

నమ్మేవాళ్ల మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అనుభవం గుర్తులను మార్చగలదని జంతువుల్లో రుజువైంది. జ్ఞాపకం నిలబడటానికే మెదడు కణాల్లో జన్యువులు పలకాలి. అలాంటప్పుడు నెలల థెరపీ ఏ జన్యువునూ కదిలించలేదనడమే వింత. చిన్న పరిశోధనలు తోవ చూపించడానికే ఉంటాయి.

సందేహించేవాళ్ల చేతిలో పెద్ద పరిశోధన ఉంది. బ్రిటన్‌లో కవలల అధ్యయనంలో 18 ఏళ్ల 1,658 మంది రక్తాన్ని పరీక్షించి 2018లో ఫలితం చెప్పారు. చిన్నప్పటి నుంచి ఎదురైన హింసను జాగ్రత్తగా నమోదు చేసిన అధ్యయనం అది. హింసకూ రక్తంలోని మిథైలేషన్‌కూ సంబంధం చాలా తక్కువే కనిపించింది. కనిపించినదాంట్లోనూ చాలాభాగం పొగతాగడంతో ముడిపడి ఉంది. గాయపడిన పిల్లలు ముందుగా సిగరెట్ పట్టే అవకాశం ఎక్కువ, సిగరెట్ మిథైల్ గుర్తులను బలంగా మారుస్తుంది. ఈ లెక్కన థెరపీ తర్వాత ఒక కుర్రాడు సిగరెట్ మానేస్తే, మారిన గుర్తులను 'మానిన గాయం' అని చదివేసే ప్రమాదం ఉంది. పైగా ఇదంతా రక్తం, ఉమ్మి. బతికున్న పిల్లల మెదడు కణాలను ఎవరూ తీయరు, తీయకూడదు. రక్తంలో కనిపించేది మెదడులోనూ ఉందనుకోవడం కొన్ని చోట్ల సరిపోతుంది, చాలా చోట్ల సరిపోదు.

నా మొగ్గు సందేహించేవాళ్ల వైపే, ఒక్క షరతుతో. వాళ్లు ప్రశ్నిస్తున్నది గుర్తుల కొలతను, థెరపీని కాదు. జర్మనీలో ఆ పిల్లలు బాగుపడ్డారని తేల్చడానికి మిథైల్ గుంపులు అక్కర్లేకపోయాయి. 'జన్యువుల్లోనే ఉంది' అన్న ముద్రే కొందరు పిల్లల నెత్తిన ఇంకో బరువు పెడుతుందని నా భయం. మన దగ్గర 'వాళ్ల రక్తంలోనే ఉంది' అనే మాటకు ఉన్న చరిత్ర తెలిసిందే కదా.

'మా అమ్మాయికి ఈ టెస్టు చేయించాలా?'

ఈ ప్రశ్న అడిగేవాళ్లున్నారు, అడగడంలో తప్పూ లేదు. ఒక పిల్లకు గాయం తగిలిందో లేదో, థెరపీ పనిచేసిందో లేదో చెప్పగల మిథైలేషన్ పరీక్ష ఇప్పటికి వైద్యంలో లేదు. పైన చెప్పినవన్నీ గుంపుల సగటులు. గుంపులో రెండు శాతం తేడా ఉంటే, అందులోని ఒక్క అమ్మాయి గురించి అది దాదాపు ఏమీ చెప్పదు.

2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా చెప్పిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పిల్లల దగ్గర ల్యాబ్ వాళ్లు ట్యూబు పట్టుకుని కూర్చోలేదు. ఎవరో పక్కన కూర్చుని అడిగారు, వాళ్లు చెప్పారు.

మన అమ్మాయి సైకాలజిస్టు వాడే కొలత కూడా అలాంటిదే. ఒక ప్రశ్నల కాగితం. గత వారాల్లో ఎన్నిసార్లు పీడకల వచ్చింది, ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డావు, ఏయే చోట్లకు వెళ్లకుండా తప్పించుకున్నావు. మొదటి నెలలో ఉలికిపాటు ప్రశ్నకు ఆమె 'దాదాపు రోజూ' దగ్గర టిక్కు పెట్టింది. నాలుగో నెలలో పెన్ను కాసేపు గాల్లో ఆగింది, తర్వాత 'వారానికి ఒకసారి' దగ్గర వాలింది.